చల్లారుతున్న ఇనుము

నాకు ఒట్టు పెట్టే అలవాటు లేదు. లెక్క చూసుకునే అలవాటు ఉంది. ఇది జరిగింది... కార్తీకంలో రెండో సోమవారం రాత్రి, నర్సీపట్నంలో, మా ఇంట్లోనే.

మా ఆయన ఇనుప బొమ్మలు చేసేవారు. ఇస్త్రీపెట్టెకు కోడిపుంజు తోక, సైలెన్సరు గొట్టంతో నాదస్వరం... చూసినవాళ్లు నవ్వాలి, అంతే. ఆఖరిది హార్మోనియం. మెట్లన్నీ స్టీలు చెంచాలు. పన్నెండుకి పదకొండు వెల్డింగ్‌తో అతికించారు. అంతలో, శ్రావణంలో, పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మళ్లీ మంచం దిగలేదు.

"అది పెరట్లో ఉన్నంతకాలం నాకు నిద్దరట్టదు. ఇనప్సామాన్లోడికి ఇచ్చీ," అన్నారు.

నాకు ఇవ్వాలని లేదు. అయినా సరేనన్నాను. ఆ సోమవారం మధ్యాహ్నం పాత ఇనుము కొనే అప్పన్న వచ్చి చూశాడు.

"ఈ పెట్టె వాయిస్తే పాటొస్తాదా, పప్పొస్తాదా అమ్మగోరూ?" అని నవ్వి, పొద్దున్నే బండి తెస్తానన్నాడు.

రాత్రి కరెంటు పోయింది. వీధంతా చీకటి. ఫ్యాను లేక మెలకువగానే ఉన్నాను. పెరట్లో... టిక్.

మళ్లీ... టిక్... టిక్.

నలభై ఏళ్లు విన్న చప్పుడు. వెల్డింగ్ చేసిన ఇనుము చల్లారేటప్పుడు అలాగే అంటుంది. ముందు వెంటవెంటనే... తర్వాత ఆగి ఆగి.

"ఏవండీ, ఇనిపిస్తందా?"

పక్క మంచం మీద ఆయన కళ్లు తెరవలేదు. "ఇనుం సల్లారతంది. పడుకోయే."

కొంగున ముడేసుకున్న తాళంచెవితో, హార్మోనియం ఉన్న పెరటి షెడ్డు తాళం తీశాను. టార్చి వేశాను. చెంచాలు మెరిశాయి. ఒక్కొక్కటే లెక్కపెట్టాను. పదకొండు... పన్నెండు.

మళ్లీ లెక్కపెట్టాను. పన్నెండే.

ఆఖరిదాని మీద వేలు ఆనించాను. వెచ్చగా ఉంది. నా వేలి కిందే... టిక్.

తెల్లారేదాకా వంటింట్లో కూర్చున్నాను. ఇంట్లో చెంచాలు లెక్కపెట్టాను. ఒక్కటీ తగ్గలేదు. అప్పన్నను ఖాళీ బండితో పంపేశాను. చూసింది ఆయనకు చెప్పలేదు.

టీ తాగిస్తుంటే అడిగారు. "బండి ఖాళీగా ఎల్లిందేటి?"

"ఉంచుదామనిపించిందండి."

ఆయన ఎడం చేత్తో కప్పు పక్కకు జరిపారు.

"ఉంచీ. ఆకరి సెంచా కొంచెం వంకరొచ్చింది... ఎడం సెయ్యి కదా."

కప్పు కింద పెట్టి వెళ్లి చూశాను. వంకరే.

ఆయన నడవలేరు. కరెంటు లేదు. ఆ తాళానికి రెండో చెవి లేదు. మూడూ కూడితే ఏం వస్తుందో... నాకు ఇప్పటికీ తేలలేదు.