కాకికాలు గాటు

లారీ టైర్ల కొట్టు యజమానికి తల్లిదండ్రులు ముచ్చటపడి పెట్టిన పేరు ఒకటుండేది. వీధి దాన్ని ఏనాడో రద్దు చేసి ‘అడ్డుపుల్ల’ అని ఖాయం చేసింది. పనులు చెడగొట్టే మనిషి కాదు పాపం. ఎక్కడ ఇద్దరు కలబడినా పరుగున వెళ్ళి వాళ్ళ మధ్య నిలువునా నిలబడటం అతనికి పుట్టుకతో వచ్చిన జబ్బు. లోకశాంతికి అతను చేసిన సేవ యావత్తూ అతని ఒంటి మీదే కనిపించేది. పై పెదవి మీది కుట్లు ఇద్దరు అన్నదమ్ముల ప్రహరీగోడ తగాదాలో పడ్డాయి. ముందుపన్ను ఒక భార్యాభర్తల పోట్లాటలో పోయింది. దాన్ని ఊడగొట్టింది కొడుతున్న మొగుడు కాదు, దెబ్బలు తింటున్న పెళ్ళాం. ఎడమ చెవి ఒక డ్రైవరూ క్లీనరూ జాకీరాడ్లతో అభిప్రాయాలు పంచుకుంటున్నప్పుడు నలిగింది. ప్రతిసారీ పోట్లాడుకున్న ఇద్దరూ ఆ మీదట రాజీపడ్డారు, తప్పంతా అడ్డుపుల్లదేనని.

“శాంతిదూతగారు దయచేశారా? ఇవాళ ఏ భాగం సమర్పించుకున్నారు?” అని అడిగేది భార్య, తల కూడా ఎత్తకుండా. ట్యూబులకు ప్యాచీలు వేయడం ఆమె పని. మొగుడి మీద వేసి వేసి చేయి తిరిగిందని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది.

కొట్టులో మూడో మనిషి పక్కదేశం. సరిహద్దు దాటి వచ్చాడు కనక అతనికి ఆ పేరు. “పక్కదేశం, ఆ జాకీ ఇటు తే”, “పక్కదేశానికి జ్వరమట” అని అందరూ అనేవారు, అతనూ పలికేవాడు. ముప్పై దాటిన వాడు, మాట తక్కువ, భుజబలం ఎక్కువ. అవతల వాళ్ళ నాన్నదీ టైర్ల కొట్టే. అక్కడ నేర్చిన అలవాటొకటి అతను వెంట తెచ్చుకున్నాడు: ఇక పనికిరాదనుకున్న టైరును బయట పడేసే ముందు దాని పక్కభాగం మీద కత్తితో కాకి కాలి గుర్తులా మూడు వేళ్ళ గాటు పెట్టేవాడు.

“ఏమిటిది, దిష్టి తీస్తున్నావా?” అని మొదట్లో అడ్డుపుల్ల అడిగాడు.

“కాదన్నా. చచ్చిన టైరుకి నల్లరంగు పూసి మళ్ళీ అమ్మేస్తారు. అది ఎక్కడో పేలి నలుగురు పోతారు. ఇలా కోస్తే ఎవడూ కొనడు. మా నగరంలో ఇలా కోసేది మా నాన్నొక్కడే.”

అడ్డుపుల్లకు ఇది మహా నచ్చింది. ముసలాయన్ని చూడకపోయినా, ఆయనెవరో తనలాంటివాడే అనిపించింది.

ఇలా ఉండగా సరిహద్దు అవతల అగ్గి రాజుకుంది. గ్యాసుబండల కోసం వరసలో నిలబడ్డ జనం మీద అక్కడి పోలీసులు కాల్పులు జరిపారు. ఖాళీ బండ ఒళ్ళో పెట్టుకుని ఒక ముసలమ్మ కూర్చున్నట్టే చనిపోయింది. మర్నాడు జనం పోలీసు స్టేషను తగలబెట్టారు. ఆ మర్నాడు సైన్యం దిగింది. కంప్రెసరు పైన గోడకు బిగించిన టీవీలో రోజంతా అదే. తుపాకీ మడమతో ఒక కుర్రాడి దవడ పగలగొడుతున్న సిపాయి, ఈడ్చుకుపోతున్న మనిషి వెనక రోడ్డు మీద సాగే ఎర్రటి చార, బస్సు కిటికీలోంచి మంటలతో సహా దూకిన ఒక శరీరం. ప్రభుత్వం జనం ఫోన్లన్నీ కట్ చేసింది. పక్కదేశానికి తల్లీ, తండ్రీ, కాలేజీలో చదువుతున్న తమ్ముడూ బతికి ఉన్నారో లేరో తెలియలేదు. ఇనప లివరుతో టైరు ఊడదీస్తూనే ఒక కన్ను టీవీ మీద ఉంచేవాడు. టీవీ చూపించేవి వందల మొహాలు, అతను వెతికేది తమ్ముడి మొహం ఒక్కటే.

అంతర్జాతీయ సమస్య అన్నాక చర్చించే పెద్దలుండాలి. ఈ లోటు వీధి వెంటనే పూడ్చింది. రిటైరైన మాస్టారొకరు, ఇన్సూరెన్సు ఏజెంటొకరు రోజూ వచ్చి పాత టైర్ల దొంతర మీద చెరోవైపు ఆసీనులయ్యేవారు. ఇన్సూరెన్సు పక్షం వాదన ఏమిటంటే, పెద్ద దేశాలు తక్షణం సైన్యాలు దించాలి. మాస్టారి పక్షం, ఎవరింటి గొడవ వాళ్ళే తీర్చుకోవాలి.

“పరిమితమైన బాంబుదాడి చాలండీ మాస్టారూ. పొద్దున మొదలెడితే సాయంత్రానికి అయిపోతుంది,” అనేవాడు ఇన్సూరెన్సు.

“బాంబుకి పరిమితి నువ్వు చెబుతావా? నీ పాలసీకే లేదు పరిమితి.”

“అంటే చూస్తూ ఊరుకుందామంటారు.”

“చూడమనే అంటున్నాను. చూడ్డానికేగా టీవీ.”

అడ్డుపుల్ల సహజంగానే ఇన్సూరెన్సు పక్షం. మధ్యలో దూరని మనిషి మనిషే కాదని అతని సిద్ధాంతం. పక్కదేశాన్ని ఎవరూ ఏమీ అడగలేదు. అతనికి పనుంది కదా.

ఒక ఉదయం కొట్టులో వాళ్ళిద్దరే ఉన్నప్పుడు టీవీలో ముసుగు కట్టుకున్న కుర్రాళ్ళు రోడ్డుకడ్డంగా టైర్లు దొర్లించుకొస్తున్నారు. ఒక టైరు కెమెరా ముందునుంచే వెళ్ళింది. పక్కభాగం మీద మూడు వేళ్ళ గాటు. తర్వాతి దానిమీదా అదే గాటు. పక్కదేశం చేతిలోని లివరు జారి రిమ్ము మీద ఖంగున పడింది.

“చూశావా అన్నా?”

“చూశాను.”

“మా కొట్టువే. వెనక దొడ్డి తాళం నాన్న దగ్గరొకటి, తమ్ముడి దగ్గరొకటి. నాన్న ఇయ్యడు. వాడే. బతికే ఉన్నాడన్నా మావాడు.” నవ్వాడు. ఆ మొహం నవ్వితే ఎలా ఉంటుందో అడ్డుపుల్ల మరిచేపోయాడు. “ఈ మాట ఇక్కడే ఉండాలి.”

“నా గొంతు కోసినా బయటికి రాదు,” అన్నాడు అడ్డుపుల్ల. అతని గొంతు ఎవరూ కోయలేదు. దానంతటదే వచ్చింది.

అదే వారంలో ఒక మధ్యాహ్నం పక్కదేశం బైపాసు మీద ఆగిపోయిన లారీకి చక్రం మార్చడానికి వెళ్ళాడు. మాస్టారు మంచి ఊపులో ఉన్నారు. “అసలా కుర్రాళ్ళెవరయ్యా? కూలికొచ్చిన రౌడీలు. డబ్బు బయటి దేశాలది, పెట్రోలు బయటి దేశాలది. ఆఖరికి ఆ తగలబెట్టే టైర్లు కూడా ఓడల్లో వచ్చినవే.”

బతికున్నాడని ఇంట్లో వాళ్ళకే గ్యారంటీ లేని కుర్రాణ్ణి పట్టుకుని కూలి రౌడీ అంటే అడ్డుపుల్లకు ఒళ్ళు మండింది. దానికి తోడు, మాస్టారు టైర్ల గురించి మాట్లాడారు. టైర్ల గురించి.

“ఆగండాగండి మాస్టారూ. ఓడల్లో వచ్చినవా? ఆ టైర్ల మీద గాటు చూశారా మీరు? కాకికాలు గాటు. ఆ నగరం మొత్తమ్మీద అలా కోసే కొట్టు ఒక్కటే. అది మా పక్కదేశం వాళ్ళ నాన్నది. ఆ దొర్లించింది వీడి తమ్ముడు, కాలేజీ కుర్రాడు. కూలిరౌడీ కాదు. పరువుగల కుటుంబం.” ఇంకా నమ్మరేమోనని బయటికి వెళ్ళి పక్కదేశం గాటు పెట్టిన టైరొకటి దొర్లించుకొచ్చి వేలుపెట్టి చూపించాడు.

మాస్టారు ఓడిపోయారు. ఆ విజయాన్ని ఇన్సూరెన్సు తన ఫోన్లో పదిలంగా చిత్రీకరించాడు. చర్చలన్నీ చిత్రీకరించి లోకం మీదికి వదలడం అతని వ్యసనం. ‘ఉద్యమం వెనక అసలు కథ: మన వీధిలో సంచలన సాక్ష్యం’ అని పేరు పెట్టి సాయంత్రంలోగా పైకెక్కించాడు. మామూలుగా అతని వీడియోలు అతనూ అతని బావమరిదీ చూసేవారు. దీన్ని జనం ఎగబడి చూశారు. “మీ మొగం బాగా వచ్చిందండీ, పన్ను లేకపోవడం తెలియట్లేదు,” అని ఇన్సూరెన్సు అభినందించాడు. అడ్డుపుల్ల పొంగిపోయి భార్యకు చూపించాడు.

ఆమె చివరిదాకా చూసింది. ప్యాచీకి పూసిన జిగురు ఆరిపోతున్నా పట్టించుకోలేదు.

“ఆ దేశపు పోలీసులకి ఫోన్లు ఉండవా?” అంది.

అడ్డుపుల్ల పరుగెత్తుకెళ్ళి ఇన్సూరెన్సు చేత ఆ వీడియో తీసేయించాడు. అప్పటికి అది చేతులు మారి, ఇంకెవరో సంగీతం కూడా తగిలించి, సరిహద్దు దాటిపోయింది. ఆ సంగతి పక్కదేశానికి చెప్పమని భార్య రోజూ పోరింది. “ఏమీ జరగకపోతే వాణ్ణి ఊరికే భయపెట్టినట్టవుతుంది కదే” అని రోజూ దాటేశాడు. వీధిలో ఎవరు కొట్టుకున్నా ఆ రోజుల్లో అతను బయటికి రాలేదు.

ఫోన్లు కలిసిన పూట పెద్దలిద్దరూ తమ స్థానాల్లో ఉన్నారు. పక్కదేశం తొట్టి దగ్గర ట్యూబు ముంచి బుడగలు చూస్తున్నాడు. ఫోన్ మోగింది. “అమ్మా” అన్నాడు. తర్వాత వింటూ నిలబడ్డాడు. మధ్యలో ఒకే ఒక్కసారి, “వాళ్ళకెలా తెలిసింది?” అన్నాడు. ఫోన్ పెట్టేసి, తడిచేతులు చొక్కాకు తుడుచుకుని, అందరికీ వినబడేలా, లారీ నంబరు చెప్పినట్టు చెప్పాడు.

“సైన్యం మా కొట్టుకొచ్చింది. నాన్నకి ఫోన్లో వీడియో చూపించారట. ఈ గాటు నీదేనా అని. నాన్న అబద్ధమాడడు. నాదే అన్నాడట. ఒక్క అబద్ధం మాత్రం ఆడాడు, టైర్లు కూడా నేనే ఇచ్చానని, తమ్ముడి మీదికి రాకుండా. కత్తి పట్టే చెయ్యేది అని అడిగి, రెండు చేతులూ రిమ్ము మీద పెట్టించి సుత్తితో కొట్టారు. తమ్ముడు అటక మీద దాక్కుని ఉన్నాడు. నాన్న అరుపు విని దిగొచ్చాడు. వాణ్ణి జుట్టు పట్టి వ్యానులోకి ఈడ్చుకుపోయారు. తర్వాత కొట్టు తగలబెట్టారు.” అడ్డుపుల్ల వైపు తిరిగాడు. “వీడియోలో మాట్లాడింది ఎవరన్నా?”

“ఒరేయ్, నేను నీ తమ్ముణ్ణి వెనకేసుకురావాలనే…”

పక్కదేశం అందుకున్న లివరు మొదటి దెబ్బ అతని మాటను మధ్యలోనే తుంచి, అడ్డంగా ఎత్తిన ముంజేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు కొట్టంతా వినిపించింది. రెండోది మోకాలి కింద, పడ్డాక మూడోది వీపు మీద. నాలుగోది పక్కటెముకల మీద పడితే నోట్లోంచి నెత్తుటి నురగ వచ్చి తొట్టి అంచు మీద చిందింది. పక్కదేశం అరవలేదు, తిట్టలేదు. తుప్పుపట్టిన రిమ్ము నుంచి టైరు ఊడదీసే మనిషిలా, కాళ్ళు ఎడంగా పెట్టుకుని, ఒక్కొక్క దెబ్బా చూసుకుని కొట్టాడు.

తక్షణ సైనిక జోక్యం కోరిన ఇన్సూరెన్సు టైర్ల దొంతర వెనక్కి చేరి నేలకు కరుచుకుపోయాడు. “ఇద్దరూ సంయమనం పాటించాలి,” అన్నారు మాస్టారు, గుమ్మం బయట చెప్పులు తొడుక్కుంటూ. వీధి జనం వచ్చి అర్ధచంద్రాకారంలో నిలబడ్డారు. ఇలాంటప్పుడు పరుగెత్తుకొచ్చి మధ్యలో దూరే మనిషి ఎవరో వాళ్ళకి తెలుసు. అతను నేల మీద ఉన్నాడు.

భార్య ప్యాచీలబల్ల దగ్గరనుంచి లేచి వచ్చింది. మొగుడికీ లివరుకీ మధ్యకు రాలేదు, రెండడుగుల దూరంలో ఆగింది.

“తల మీద కొట్టకు బాబూ,” అంది. “మిగతాది నీ ఇష్టం.”

పక్కదేశం ఆమె వంక చూశాడు. ఇంకొక్కటి కొట్టాడు, భుజం మీద. లివరు వదిలేసి తొట్టి పక్కన కూలబడి, నీళ్ళలో మోచేతులదాకా చేతులు ముంచుకుని కూర్చున్నాడు.

ఆసుపత్రికి వచ్చిన కానిస్టేబులు ఎవరు కొట్టారని అడిగాడు.

“ఎవరూ కొట్టలేదండీ. గాలి ఎక్కిస్తుంటే రిమ్ము రింగు ఎగిరి తగిలింది,” అన్నాడు అడ్డుపుల్ల, నొప్పితో బిగబట్టిన పెదవుల మధ్యనుంచి.

“చేతికీ, కాలికీ, వీపుకీ, భుజానికీ తగిలిందా? ఒక్క రింగే?”

“గుండ్రటి వస్తువు కదండీ. తిరుగుతుంది.”

కానిస్టేబులు భార్య వైపు చూశాడు. “పెద్ద రింగండీ,” అంది ఆమె.

పక్కదేశం ఆ సాయంత్రమే సరిహద్దు బస్సెక్కాడు, తమ్ముణ్ణి వెతకడానికి. వెళ్ళేముందు ఆసుపత్రి గుమ్మం దగ్గరికొచ్చి అడ్డుపుల్ల భార్యతో చెప్పాడు. లోపలి మంచం మీంచి అడ్డుపుల్ల, “నేనూ వస్తానురా. ఆ సైన్యం వాళ్ళ కాళ్ళు పట్టుకుంటా, తప్పు నాదని చెప్తా,” అని లేవబోయి కట్లన్నీ కదిలి కేక పెట్టాడు.

“నువ్వు రాకన్నా,” అన్నాడు పక్కదేశం. “ఇంక నువ్వు ఎక్కడికీ రాకు.”

తర్వాత చాలా రోజులు కబురు లేదు. అవతల జైళ్ళ ముందు తల్లులు ఫోటోలు పట్టుకుని నిలబడటం టీవీలో చూపించారు. వాళ్ళ మీదికి కూడా లాఠీలు లేచాయి. పెద్దలిద్దరి చర్చ ఎదురుగా ఉన్న సైకిలు కొట్టుకు మారింది. కట్టుకట్టిన చేత్తో కుర్చీలో కూర్చుని అడ్డుపుల్ల, భార్య ఫోన్ వైపే చూసేవాడు. తన ఫోనుకు రాదని అతనికి తెలుసు.

అది మోగినప్పుడు ఆమె చేతులు జిగురుతో ఉన్నాయి. మోచేత్తో నొక్కి, భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుంది.

“దొరికాడు వదినా,” అన్నాడు పక్కదేశం. “ఆసుపత్రి మార్చురీలో. మొహం గుర్తుపట్టేలా లేదు. అమ్మ పాదాలు చూసి చెప్పింది. రేపు అంత్యక్రియలు.”

“నాన్నగారు?”

“నాన్న ఉన్నాడు. అన్నం నేనే తినిపిస్తున్నా.” కాసేపు అవతల ఏదో వాహనం హారను వినపడింది. “అన్న చెయ్యి అతుక్కుందా?”

“అతుక్కుంటోంది.”

“సరే,” అన్నాడు. పెట్టేశాడు.

అడ్డుపుల్ల కుర్చీలోంచి సగం లేచి ఉన్నాడు. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది, తమ్ముడి పాదాల సంగతితో సహా. అతను విన్నాడు.

“నా గురించి ఏమైనా అన్నాడా?”

“నీ చెయ్యి అతుక్కుందా అని అడిగాడు.”

అడ్డుపుల్ల మెల్లగా కూర్చున్నాడు. కట్టు మీద రెండో చెయ్యి పెట్టుకున్నాడు. ఆ రోజు అన్ని దెబ్బలు తిన్నప్పుడు కూడా వీధిలో ఎవరూ వినని శబ్దమొకటి అతని గొంతులోంచి వచ్చింది. భార్య వెళ్ళి కొట్టు తలుపు సగానికి దించింది.