మాకరోనీలో పలుకు

జ్వరం తగ్గి పది రోజులైనా మా రెండేళ్ల పాప ముద్ద ముట్టలేదు. జమ్మలమడుగు డాక్టరు తూకం చూసి, "ఏదో ఒకటి తినిపించు తల్లీ, ఇంకా తగ్గితే కష్టం" అన్నాడు. బి.ఏ. చదివిన తల్లికి వారం పాటు నిద్ర పట్టకుండా చేయడానికి ఆ మాట చాలు.

అప్పుడే మా ఆయన పత్తి బేరానికి మద్రాసు వెళ్లి ఒక మాకరోనీ పొట్లం తెచ్చాడు. దొరల పిల్లలు ఇది తినే బలుస్తారని అంగడివాడు చెప్పాడట. పొట్లం మీద వండే పద్ధతి ఇంగ్లీషులో ఉంది. ప్రొద్దుటూరు మొత్తానికి దాన్ని చదవగల కోడలిని నేనొక్కతెనే అని ఆ పూట నాకు గట్టి నమ్మకం. నీళ్లు ధారాళంగా పోయాలి, తెర్లుతున్నప్పుడే వేయాలి, పన్నెండు నిమిషాలకు, ఇంకా కాస్త పంటికి తగిలేలా ఉండగానే, దించి వార్చాలి. గడియారం పొయ్యి గట్టున పెట్టుకొని పరీక్ష రాసినట్టు వండాను.

మా అత్తది పులివెందుల పక్క పల్లె. ఏది ఉడికిందో లేదో చెప్పడానికి ఆమెకు రెండు వేళ్లు చాలు. ఒక గొట్టం తీసి నలిపింది.

"ఏందమ్మే ఇవి, మగ్గం కండెల మాదిరి? నడుమ ఇంగా పలుకుండాది."

"పలుకు ఉండాలత్తా. అదే పద్ధతి."

"ఎవురి పద్ధతి?"

"ఇటలీ వాళ్లది."

"వాళ్ల యింట్లో జొరమొచ్చి లేసిన బిడ్డకు గూడా పలుకే పెడ్తారా?"

నేను పొట్లం తిప్పి మళ్లీ మొదటినుంచి చదివాను.

పాప ఒక గొట్టాన్ని వేలికి తొడుక్కుంది. రెండోదాన్ని నా చీర మీద ఊసింది. చీర కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లి వచ్చేసరికి నా పన్నెండు నిమిషాల మాకరోనీ సంగటి కుండలో ఉంది. నేను వార్చిన గంజి మళ్లీ అందులోనే పోసి, చితికేదాకా ఉడికించి, పైన రాగిపిండి వేసి, మా అత్త కుండను రెండు పాదాల మధ్య అదిమిపెట్టి కట్టెతో గెలుకుతోంది. ఇటలీ దేశం నా కళ్లముందే ముద్దయిపోయింది.

నెయ్యి అద్ది, గోరంత ముద్ద పాప నోటి దగ్గర పెట్టింది. పాప మింగింది. ఇంకోటి. నాలుగోదానికి పాప తానే నాయనమ్మ చెయ్యి పట్టి నోట్లోకి లాక్కుంది.

నేను గోడవైపు తిరిగి పైట అంచుతో కళ్లు ఒత్తుకున్నాను.

"ఏడుస్తాండావేందమ్మే?" అంది మా అత్త, కట్టెకు అంటుకున్నది గీకుతూ. "బిడ్డ తినింది నీ గొట్టాలే గదా!"