ఘాటు రాలేదన్నారు

జైతున్‌బీని దర్గాలో వదిలేసి రావడానికి శుక్రవారం పొద్దునకి ఆటో మాట్లాడారు. మాట్లాడింది భర్త గౌస్ బాషా, మాట్లాడమన్నది అత్త రహమతున్నీసా. గురువారం సాయంత్రం ఆఖరుసారిగా దిష్టి తీసి చూద్దామనుకున్నారు. నిప్పుల మీద మిరపకాయలు వేస్తే ఘాటు రావాలి. రాకపోతే దిష్టో, దయ్యమో ఉన్నట్టు. ఈసారీ రాకపోతే ఇక ఆలోచించేదేం లేదు, ఆటో ఎక్కించడమే.

ఆ పిల్ల మొదటినుంచీ ఇలా ఉండేదా ఏమన్నా? ప్రత్తిపాడు పక్కన ఆ పల్లెలో మిరపకాయలకు తొడిమలు తీయడానికి జైతున్‌బీ పక్కన కూర్చోవాలంటే ఆడవాళ్లు జంకేవారు. చెయ్యీ ఆగదు, నోరూ ఆగదు. రెండేళ్ల క్రితం వానల్లో విషజ్వరం వచ్చింది. జ్వరమైతే తగ్గింది గాని ఒంట్లో సత్తువ తిరిగి రాలేదు. ఇవాళ బిందెడు నీళ్లు మోస్తే రేపంతా మంచమే. ఒళ్లంతా రోకలితో దంచినట్టు నొప్పులు. అత్త గిన్నె కింద పెడితే ఆ చప్పుడు తలలో దిగబడేది. గౌస్ బాషా మిర్చి యార్డులో బస్తాలు మోసి ఇంటికొస్తే, చొక్కా మీది కారం దుమ్ముకి ఊపిరి అందేది కాదు. మొగుడు గుమ్మంలోకి రాగానే ముక్కు మూసుకునే పెళ్లాన్ని లోకం ఊరికే వదులుతుందా!

గుంటూరులో డాక్టరు విడమరిచే చెప్పాడు. "రిపోర్టులన్నీ నార్మలే. కానీ ఈమె నొప్పి నిజం బాబూ. ఇలాంటి జబ్బుంది. వాసనలు, చప్పుళ్లు ఏవీ తట్టుకోలేదు. బలవంతాన పని చేయిస్తే ఇంకా పడిపోతుంది." ఇంత చెబితే మహానుభావుడు గౌస్ బాషా చెవికెక్కింది మొదటి ముక్కే.

జబ్బు కాకపోతే మరేంటి? దానికి ఆ ఇంట్లో జవాబు ఎప్పుడో తయారుగా ఉంది. రహమతున్నీసాకి మెహర్ అని ఒక కూతురుండేది. జైతున్‌బీ కాపురానికి రాకముందే పోయింది. అదీ ఇలాగే, ఈ గదిలోనే, వెలుతురు పడకుండా దుప్పటి ముసుగేసుకుని పడుకునేదట. దిష్టి తీశారు, ఘాటు రాలేదు. దర్గాలో ఉంచారు, అక్కడే కన్నుమూసింది. ఇప్పుడు అదే వచ్చి వదిన ఒంట్లో చేరిందని తల్లి నమ్మకం.

"ఎందుకొచ్చావే మెహరూ? నీకేం తక్కువ చేశానే?" అని కోడలి మొహంలోకి చూసి అడిగేది.

"నేనత్తా, జైతున్‌ని" అనేది కోడలు మొదట్లో. తర్వాత అనడం మానేసింది. కాళ్లూ చేతులూ తన మాట వినడం లేదు, మరి ఎవరి మాట వింటున్నట్టు? ఎన్నడూ చూడని ఆడపడుచు తన గుండెల మీద కూర్చుందేమోనని ఆమెకే భయం పట్టుకుంది. మధ్యాహ్నాలు గదిలో ఒంటరిగా పడుకుని, "పో మెహర్, నన్నొదిలెయ్" అని గొణుక్కునేది.

గురువారం గది నడుమ కుంపటి పెట్టారు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు తొడిమలు తీస్తున్నవాళ్లు తీస్తున్నట్టే లేచి వచ్చారు. రహమతున్నీసా గుప్పెడు మిరపకాయలు కోడలి చుట్టూ తిప్పి నిప్పుల మీద పడేసింది. పొగ లేచింది. అందరూ ముక్కులు ఎగబీల్చారు.

"ఒక్కరికన్నా తుమ్ము వచ్చిందా? అమ్మో, ఎంత గట్టిగా పట్టిందో!" అంది వాళ్లలో ఒకామె.

జైతున్‌బీ మాత్రం కళ్లు తేలేసి తలుపు వైపు పాకింది.

"పట్టుకోండే, పారిపోతోంది!" అంది అత్త. తనే జుట్టు పట్టి కోడలి తల కుంపటి మీదకి వంచింది.

"అత్తా, మంట... ఊపిరాడట్లేదు..."

"నువ్వు కాదులే ఆ మాటనేది."

సరిగ్గా అప్పుడే రహమతున్నీసా చెల్లెలి కూతురు రుక్సానా, వదినని చూసిపోదామని ఒంగోలు నుంచి వచ్చి గుమ్మంలో కాలు పెట్టింది. పెట్టిందో లేదో దగ్గుతో మెలికలు తిరిగిపోయింది. ముక్కూ కళ్లూ ఏకధారగా కారుతున్నాయి.

"పెద్దమ్మా! ఏంటీ ఘాటు! మనుషుల్ని చంపుతారా ఏంటి, తలుపులు తియ్యండి!"

"ఘాటా? ఎక్కడుందే?" అంది పెద్దమ్మ.

"మీ ముక్కులు చచ్చాయా? వీధి మలుపు దగ్గర్నుంచే కొడుతుంటే!"

ఆడవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పొద్దస్తమానం మిరపకాయల కుప్పల మధ్యే కూర్చునేవాళ్లకి గుప్పెడు కాయల పొగకి తుమ్మెక్కడొస్తుంది! ఇన్నేళ్లలో ఆ ముక్క ఒక్కరికీ తట్టలేదు, ఏం చెప్పమంటారు!

రుక్సానా చెంబెడు నీళ్లు కుంపటి మీద కుమ్మరించి, వదినని వాకిట్లోకి ఈడ్చుకొచ్చింది. అక్కడే ఉన్న గౌస్ బాషా దారిచ్చి పక్కకి తప్పుకున్నాడు.

"ఆటో వద్దని చెప్పరా" అంది తల్లి.

చాలాసేపటికి వాకిట్లోకి వచ్చి, కోడలికి కాస్త ఎడంగా నేల మీద కూలబడింది.

"అదీ మంట మంట అని ఏడ్చింది" అంది.

"ఎవరత్తా?"

"మెహర్. అప్పుడూ నేనే దాని తల వంచి పట్టుకున్నాను."