జుట్టు రాలిన ఏడాది అల్లిన టోపీ

పద్దెనిమిదో ఏట నాకు విషజ్వరం వచ్చింది. పది రోజులైనా దిగకపోయేసరికి నా భర్త, అత్త నన్ను బండిలో పడుకోబెట్టి, కొత్తకోట పక్కనున్న మా ఊరి నుంచి వనపర్తిలోని తెల్ల దొరసానుల దవాఖానకు తీసుకుపోయారు. ఐదు నెలల కొడుకును ఆడబిడ్డకు అప్పగించాం. వాడికీ అప్పటికే ఒళ్లు వెచ్చబడింది.

నాకు తెలివి వచ్చేసరికి తల నున్నగా ఉంది. జుట్టంతా కుచ్చులుగా ఊడిపోతుంటే మిగిలింది గొరిగేశామని అక్కడి నర్సమ్మ చెప్పింది. నాకు తోడుగా దవాఖానలోనే ఉండిపోయిన అత్తను పిల్లవాడేడని అడిగాను.

"ఇంటికాడ ఉన్నడు బిడ్డా. పాలు తాగి పండిండు" అన్నది.

రోజూ అడిగేదాన్ని, రోజూ అదే మాట చెప్పేది. ఒకనాడు నా భర్త జొన్నపిండి మూటతో వచ్చాడు. ఆయన్నీ అదే అడిగాను. మూట కింద పెట్టి, దాని ముడి విప్పసాగాడు.

"లేడు. నువ్వు ఈడికొచ్చిన నాలుగోనాడే పోయిండు" అన్నాడు.

నాకు ఏడుపు రాలేదు. గంజి తాగమంటే తాగాను. పండుకోమంటే పండుకున్నాను. ఏడిస్తే మంచిదని అత్త నర్సమ్మతో అనడం విన్నాను. వాళ్లు వేరే ఎవరి గురించో మాట్లాడుకుంటున్నట్టు అనిపించింది.

నర్సమ్మది నాగర్‌కర్నూల్ దిక్కు. తల్లిదండ్రులు లింగాలలో కూలి చేసేవాళ్లట. మధ్యాహ్నం పని తెమిలాక మా వరండాలో కూర్చుని, రెండు సైకిలు చువ్వలతో తెల్ల నూలు అల్లేది. అది దొరసానులు ఒక పక్కకు వాల్చి పెట్టుకునే గుండ్రటి టోపీ, బెరెట్ అంటారని చెప్పింది. ఒళ్లంతా చిల్లుల అల్లిక. యుద్ధం వల్ల ఉన్ని దొరకక గద్వాల నుంచి నూలు తెప్పించుకున్నదట. నేను ఆమె చేతులనే చూస్తుండేదాన్ని. నాలుగైదు రోజులయ్యాక ఇంకో జత చువ్వలు నా ఒళ్లో పెట్టి, నా వేళ్లు పట్టుకుని తిప్పించింది. కులం పట్టింపుతో ఆమె ముట్టిన నీళ్లు తాగని మా అత్త చూసి కూడా వద్దనలేదు.

ముందు తలపట్టీ అల్లాలి. ఆ తర్వాత చిల్లులు. దారాన్ని చువ్వ మీద ఊరికే ఒక చుట్టు వేస్తే చిల్లు పడుతుంది. పక్కనే రెండు ఉచ్చులు కలిపి ఒకటిగా తీస్తే లెక్క సరిపోతుంది. ఆ లెక్క తప్ప వేరే ఏదీ నా బుర్రలోకి వచ్చేది కాదు. ఒకనాడు అల్లిక పక్కకు గుంజుకుపోయింది.

"ఎనిమిది వరసల కింద ఒక ఉచ్చు జారింది. విప్పాలె అమ్మా" అన్నది నర్సమ్మ.

విప్పాను. రెండు రోజుల పని పోయింది. బాధ కూడా అనిపించలేదు.

ఇంటికి పోయే ముందు మా వాళ్లకు నా తల గురించి దిగులు పట్టుకుంది. ముత్తైదువ బోడితలతో ఊళ్లోకి వస్తే పదిమంది పది మాటలంటారు. తిరుపతి మొక్కని చెబుదామన్నాడు నా భర్త. దేవుని మీద అబద్ధం పెట్టొద్దని అత్త కోప్పడ్డది. అప్పుడే నర్సమ్మ, నా టోపీ ఎట్లాగూ పూర్తయింది కదా, అదే పెట్టుకుని పొమ్మన్నది. గంజిలో ముంచి, వెడల్పాటి పళ్లెం మీద తొడిగి ఆరబెడితే గుండ్రంగా నిలుస్తుందట. దవాఖాన పళ్లేలన్నీ చిన్నవి. మా అత్త మూట విప్పి, తాను తినడానికి ఇంటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి తాంబాళం తీసి నర్సమ్మ చేతికిచ్చింది. టోపీ ఆరాక దాన్ని చింతపండుతో ఒకసారి, బూడిదతో ఒకసారి తోమింది.

ఊళ్లో ఆ టోపీ మీద కొంగు కప్పుకుని తిరిగాను. ఎదురింటి పెళ్లిలో బొట్టు పెడుతూ వచ్చిన పొరుగూరామె నా కొంగు కింద తెల్లటి అంచు చూసి, నన్ను వదిలి పక్కామె దగ్గరికి పోయింది. మా అత్త లేచి ఆమె చెయ్యి పట్టుకుంది.

"నా కోడలికి పెట్టు. దాని పెనిమిటి నా కడుపున పుట్టినోడు, బతికే ఉన్నడు."

ఆమె గాబరాపడి నా ముఖం నిండా కుంకుమ అద్దింది. అందరూ నన్నే చూస్తున్నారు. సిగ్గుపడాలో సంతోషించాలో నాకు తెలియలేదు. కుంకుమ ముక్కు మీద రాలితే తుడుచుకున్నాను.

వానలు పడేనాటికి జుట్టు చెవులదాకా వచ్చింది. ఒక పొద్దున అత్త నూనె రాస్తుంటే, "వాన్ని ఏడ పెట్టిండ్రు?" అని అడిగాను. వాడు లేడని తెలిశాక అన్ని నెలల్లో వాడి మాట నా నోట రావడం అదే మొదలు. ఆమె నూనె గిన్నె పక్కన పెట్టింది. చేతులు చీరకు తుడుచుకుని, రమ్మని ముందు నడిచింది.

మా జొన్నచేను గట్టు పక్కన, తుమ్మచెట్టుకు ఇవతల మూడు రాళ్లున్నాయి. నా భర్త ఆ చుట్టూ నాలుగు మూరల మేర దున్నకుండా వదిలేశాడు. అక్కడ గడ్డి మోకాలెత్తు పెరిగింది. మా అత్త కూర్చుని గడ్డి పీకడం మొదలుపెట్టింది. నేనూ పక్కన కూర్చుని పీకాను. ఎండ ఎక్కేదాకా పీకి, ఇంటికి వచ్చాం.