పుంగనూరు ఆవుకు పురుడు పోసిన రోజు

కార్బాలిక్ సబ్బు వాసన ఇప్పుడు అరుదు. నిన్న మదనపల్లెలో ఒక పాత దుకాణం ముందు అది సోకగానే మోచేతుల దాకా నురగ పట్టినట్లనిపించి నిలబడిపోయాను. విశ్వవిద్యాలయంలో మాకు పశు ప్రసూతి శాస్త్రం బోధించిన గంగాధరం గారు గుర్తుకొచ్చారు.

డెబ్బైల చివర మా తరగతిలో నేనొక్కతెనే ఆడపిల్లను. పశువుకు కష్టమైన ఈత, అంటే కాన్పు, ఒక్కటైనా స్వయంగా చేయించనిదే గ్రామ ఆసుపత్రి ఉద్యోగానికి సిఫారసు దొరకదు. శిక్షణ ముగియవస్తున్నా నాకు ఆ అవకాశం ఇవ్వలేదు. "ఆడపిల్లకు ల్యాబు చాల్లేమ్మా, మైక్రోస్కోపు తన్నదు," అన్నారొక పెద్దమనిషి. ఆ మాటను తేదీ వేసి రాసిపెట్టుకున్నాను, నేటికీ కొట్టివేయలేదు. గంగాధరం గారు ఆయనతో వాదించలేదు. అందుకు ఈయన మీదా కోపం వచ్చింది. కాని పుంగనూరు పశువైద్య శిబిరానికి నన్ను వెంటబెట్టుకు వెళ్లారు.

సదుం దారిలో మునెప్ప అనే రైతు ఆవు ఉదయం నుంచి నొప్పులు పడుతోంది. నడుమెత్తు కూడా లేని పుంగనూరు జాతి ఆవు. కడుపులో దూడ తల పక్కకు మడతపడింది. గంగాధరం గారు సబ్బు నా చేతికిచ్చారు.

మునెప్ప మండిపడ్డాడు. "ఏం సారూ, ఈ పాప సేస్తాదా? యాల, మగోళ్లు ఎవురూ లేరా? ఆవు సస్తే ఎవురప్పా జవాబు?"

"నేనుండాను గదప్పా. నీ ఆవు చిన్నది, నా చెయ్యి లావు. ఈయమ్మ చెయ్యే సరి," అని ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నారు.

"తల అందడం లేదు సార్."

"లాగొద్దు. దూడను వెనక్కి నెట్టు. ఆవు ముక్కితే ఆగు."

నా భుజం తిమ్మిరెక్కింది. ఆవు మూలిగింది. ఆయన కదలలేదు.

"మూతి దొరికింది!"

"అరచేత్తో కప్పి, మెల్లగా తిప్పు."

దూడ జారి గడ్డి మీద పడింది. చలనం లేదు. ముక్కులు తుడిచి, పక్కటెముకలు గట్టిగా రుద్దాను. ఒక్క తుమ్ము!

"ఉండాది! పానం ఉండాది సూడప్పా!" అని మునెప్ప ఎగిరినంత పని చేశాడు. "పాపా, మా కోడలికీ నెలలు నిండుండాయి. ఆడికీ వస్తావా?"

నవ్వుతూనే ఏడ్చాను. తిరుగుదారిలో, "నిజంగా మీ చెయ్యి పట్టదా సార్?" అని అడిగాను.

"పెట్టి చూడలేదమ్మా," అన్నారాయన.

సిఫారసు వచ్చింది, కుప్పంలో ఉద్యోగం దొరికింది. కొన్నేళ్లకు నేనూ పాఠాలు చెప్పాను. విద్యార్థి మొదటి ఈతలో తడబడుతుంటే నా చెయ్యి దానంతటదే ముందుకు పోయేది. వెనక్కి లాక్కొని, వేళ్లలో వేళ్లు బిగించి నిలబడేదాన్ని. ఆనాడు ఊరకుండటానికి ఆయనెంత కష్టపడ్డారో అప్పుడు తెలిసింది. దూడ ఊపిరి పీల్చేదాకా ఆ బిగువు సడలేది కాదు.