నేను కలిపిన పన్నెండు సెకండ్లు

నా భార్యకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయినంక నాలుగు నెలలు ఆ చేతిలో రబ్బరు బంతి పెట్టి పిసికించింది నేనే. గోడ గడియారం ముల్లు చూసుకుంట, సెకండుకొకటి, రోజుకు రెండు వందలు. నోట్‌బుక్‌లో రాసిన. నేను చదివింది ఏడో తరగతి. చిన్న మంగళారం దిక్కు ప్లాట్లకు గుంటలు, గజాలు లెక్కకట్టుడు సొంతంగ నేర్చుకున్న. చేవెళ్లలో నా లెక్కను మళ్లీ కొలిచినోళ్లు లేరు.

తరువాత మొయినాబాద్ నుంచి బస్సులో ఒక అమ్మాయి రావడం మొదలైంది. ఆక్యుపేషనల్ థెరపిస్ట్. రోజువారీ పనులతోనే పడిపోయిన చెయ్యి ఎట్ల తిరిగొస్తదో పరిశోధన చేస్తున్నదట. మొదటి రోజే నా బంతి తీసి కిటికీలో పెట్టింది.

"ఆంటీ, మీకు ఏ పని మళ్ల చెయ్యాలని ఉన్నది?"

నాలుగు నెలల్లో నేను అడగని మాట.

"జొన్నరొట్టె," అన్నది నా భార్య. "ఈయన చేసిన రొట్టె తిని దవడ గూడ పడిపోయేటట్టున్నది."

ఇద్దరూ నవ్విండ్రు.

అప్పటి నుంచి వారానికి రెండు సార్లు చిక్కుడుకాయలు తుంచుడు, పిండి తడుపుడు. ఆ రోజుల్లో నా భార్య పొద్దున్నే తల దువ్వించుకొని వాకిట్లో కూచునేది. బంతి పట్టుమంటే వేళ్లు నొస్తున్నయనే మనిషి, ఆ అమ్మాయి చెప్తే గంటసేపు పిండి పిసికేది. నాకు కడుపులో మంట. చెయ్యి బాగు కావాలనే ఉన్నది, కానీ నా చేత బాగు కావాలె.

నెలకోసారి పరీక్ష. తొమ్మిది రంధ్రాల పలకలో తొమ్మిది పుల్లలు ఒక్కొక్కటే పెట్టి, మళ్లీ తీసి డబ్బాలో వెయ్యాలె. పోయిన రెండు నెలలూ నలభై నాలుగు సెకండ్లే పట్టింది.

"ఈసారి గూడ టైం తగ్గకపోతే వంటపని ఆపి అంకుల్ బంతికే పోదాం," అని ఆ అమ్మాయి స్టాప్‌వాచ్ నాకిచ్చింది. "మీ లెక్కకు తిరుగులేదట కదా. నేను వేళ్లు చూస్తా."

చివరి పుల్ల డబ్బాలో పడంగనే నొక్కిన. ముప్పై రెండు. అంతలో కిటికీలో దుమ్ము పట్టిన బంతి కనబడ్డది. వాచ్‌ను సున్నా చేసి, "నలభై నాలుగు" అన్న.

రాసుకుంటుంటే ఆ అమ్మాయి మొహం చిన్నబోయింది. నాకు హాయిగ అనిపించింది. ఎంతసేపో కూడ చెప్పగలను, పది సెకండ్లు.

"ఏందయ్యా, ముప్పై ఒకటి కదా," అన్నది నా భార్య.

"నీకెట్ల తెలుసు?"

"గడియారం చూపించుకుంట నాలుగు నెలలు ఒకటి, రెండు అనిపించినవు. ఇప్పుడు చెయ్యి కదిలితే నోరు ఆగుతలేదు."

ఆ అమ్మాయి నా దిక్కు చూసింది. "వాచ్ తప్పయి ఉంటది. మళ్లొకసారి చేద్దాం."

నాకు తప్పించుకునే దారి ఇచ్చింది. కానీ ఆ కాగితం మీది అంకెను చూసి రేపు ఇంకెవరి చేతికో బంతే చాలంటరు. నేను ఇన్నేండ్లలో ఎవరికీ ఒక్క గజం తప్పు చెప్పలేదు.

"వాచ్ మంచిగనే ఉన్నది. ముప్పై రెండు వచ్చింది. నేనే తప్పు చెప్పిన."

"ఎందుకు అంకుల్?"

నేను నోరు తెరిచేలోపే నా భార్య అందుకున్నది. "కుళ్లు, బిడ్డా. నువ్వొచ్చినకాడి నుంచి గిట్లనే."

ఆ అమ్మాయి నవ్వలేదు. నలభై నాలుగును ఒక్క గీతతో కొట్టేసి, పక్కన ముప్పై రెండు రాసి, కాగితం నా ముందు పెట్టింది. కొట్టేసిన అంకె కనబడాలట. దిద్దించినోళ్లు సంతకం పెట్టాలట. పెట్టిన.

మూడు వారాలకు నా భార్య కుడిచేత్తో రొట్టెలు కొట్టింది. పెనం దగ్గర నేనున్న. కాలినంక మొదటిది ఆ అమ్మాయి పళ్లెంలో వెయ్యమన్నది. అంచు రెండు చోట్ల చీలింది. రెండోది నాకు. నాది నాలుగు చోట్ల.

"తిను, లెక్కపెట్టకు," అన్నది.