లారీ కదిలేలోగా

పశువ్యాధుల ప్రయోగశాలలో ఆమెను అందరూ ఐసుపెట్టె అక్క అంటారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె బతుకంతా బస్సుల్లోనే గడిచేది. ఒళ్లో ఐసుపెట్టె, అందులో చచ్చిన కోళ్ల నమూనాలు. వాటిని రాజధానిలో ఇచ్చి రావాలి. అక్కణ్ణుంచి జవాబు వచ్చేసరికి రోగం నాలుగూళ్లు చుట్టొచ్చేది. ఒక ఏడాది చుట్టుపక్కల షెడ్లన్నీ ఊడ్చిపెట్టుకుపోయాక గానీ ప్రభుత్వం కళ్లు తెరవలేదు. పరీక్ష యంత్రం ఇచ్చింది, దానికి ఇన్వర్టర్ ఇచ్చింది, అక్కకు శిక్షణ ఇప్పించింది. ఏసీ గదిలో కూర్చుని అందరిచేతా సేవలు చేయించుకునే ఆ యంత్రానికి సిబ్బంది పెట్టిన పేరు కొత్తల్లుడు.

ఒక ఉదయం కోళ్ల షెడ్డు నడిపే ఆమె మరిది యూరియా సంచి పట్టుకుని వచ్చాడు. లోపల చచ్చిన కోళ్లు. తలలు ఉబ్బి, తురాయిలు నల్లబడి ఉన్నాయి.

"ఎండదెబ్బేమో చూడు వదినా. మధ్యాహ్నం లారీ వస్తోంది, బ్యాచ్ మొత్తం ఎత్తేస్తారు."

"ఎండదెబ్బయితే మంచిదే. తేలేదాకా లోడింగ్ ఆపు."

"ఆపితే కొనేవాడు మళ్లీ గడప తొక్కడు!" అతను సంచి మూతి బిగించాడు. "నేనసలు రాలేదనుకో."

ఆమె గ్లవ్స్ చేత్తో సంచి పట్టుకుంది. "ఇక్కడికొచ్చింది బయటికి పోదు."

"నువ్వు మా అన్న పెళ్లానివా, సర్కారు మనిషివా?"

"ఆ పంపు దగ్గర చేతులు కడుక్కుని వెళ్లు."

అతను కడుక్కోకుండానే వెళ్లిపోయాడు.

ఆమె ప్రయోగశాల అధికారి డాక్టరమ్మకు ఉన్నదున్నట్టు చెప్పింది. "మా మరిది కోళ్లు మేడం. నేను పరీక్ష చేస్తే రేపు వేలెత్తి చూపుతారేమో."

"నువ్వే చెయ్యి. పక్కన నేనుంటాను."

లారీని ఆపే అధికారమున్న పశువైద్యుడు ఆ పూట ఎక్కడో దూరాన ఉన్నాడు. అక్క భర్తకు ఫోన్ చేసింది. ఆయన ఆటో నడుపుతాడు.

"మీ తమ్ముడి షెడ్డు దగ్గరికి వెళ్లండి. లారీ కదలకూడదు. మీరు మాత్రం లోపలికి పోవద్దు."

"వాడు నా మాట వింటాడా?"

"వినకపోతే ఆటో అడ్డం పెట్టండి."

పరీక్ష మొదలైంది. అద్దం అవతల బల్లమీద ఆమె ఫోన్ వెలుగుతూ ఆరుతూ ఉంది. మరిది, అత్తగారు, మళ్లీ అత్తగారు. ఇంతలో కరెంటు పోయింది. ఇన్వర్టర్ పుణ్యమా అని తెర ఆరలేదు.

అక్కడ షెడ్డు దారికి అడ్డంగా ఆటో నిలిచింది. సగం బుట్టలు లారీ ఎక్కేశాయి. డ్రైవరు హారన్ మోత ఆపడం లేదు. తమ్ముడు అన్న చొక్కా పట్టుకున్నాడు.

"అన్నవి కాదురా, నా పాలిట శనివి!"

"కొట్టు. కొట్టినా తాళంచెవి నా జేబులోనే ఉంటుంది."

తెరమీద గీత నేలబారుగా సాగి సాగి ఒక్కసారిగా పైకి లేచింది. డాక్టరమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. బర్డ్ ఫ్లూ.

సాయంత్రానికల్లా అధికారులు షెడ్డు చేరారు. బుట్టలు దించారు. కోళ్లన్నింటినీ చంపి పూడ్చారు. తర్వాత కేంద్ర ప్రయోగశాల కూడా అదే మాట చెప్పింది. పక్క షెడ్లన్నింటినీ పరీక్షించారు. ఒక్కదానిలోనూ రోగం లేదు.

పరిహారం వచ్చినా మరిది మాట్లాడటం మానేశాడు. "ఇంటి దీపమని ముద్దుపెట్టుకుంటే మీసాలు కాలాయట," అని అత్తగారు కోడలికి వినబడేలా అంది.

కొత్త కోడిపిల్లల్ని దించేముందు ఖాళీ షెడ్డునూ పరీక్షించాలి. నమూనాలకు వేరే ఎవరినైనా పంపుతానంది డాక్టరమ్మ. అక్క తానే వెళ్లింది. మరిది గేటు తీసి పక్కకు జరిగాడు. ఆమె మూలమూలలా దూదిపుల్లలతో అద్ది నమూనాలు తీసింది.

"పక్క షెడ్డాయన వచ్చి నా చేతులు పట్టుకున్నాడు," అన్నాడతను నేల చూస్తూ. "లారీ పోయుంటే ఆయన ముఖం చూడగలిగేవాణ్ణి కాదు."

ఆమె ఆఖరి దూదిపుల్లను గొట్టంలో వేసి మూత బిగించింది.

"సున్నం వేయించాను వదినా. చాలా, ఇంకో పూత వెయ్యాలా?"

ఆమె గోడమీద వేలితో రాసి చూసింది. "మూలల్లో ఇంకోటి వెయ్యి."

అతను బకెట్ కోసం వెళ్లాడు.